బెంగాలీ కాలనీని పిలిచింది నేనే

పోయిన దసరాకి మా విస్సన్నపేట రోడ్డులోని బెంగాలీ కాలనీలో దుర్గా పూజ ఘనంగా జరిగింది. కమిటీ సెక్రటరీ బిషు స్టేజీ ఎక్కి, ఈ కాలనీ ఎలా పుట్టింది, ఎలా పెరిగింది అని చాలాసేపు మాట్లాడాడు. టెంట్ హౌస్ అతనికి కృతజ్ఞతలు చెప్పాడు. మైకు అతనికి చెప్పాడు. లైన్‌మేన్‌కి చెప్పాడు. ఆఖరికి జనరేటరుకి డీజిల్ తెచ్చిన ఆటోకి కూడా చెప్పాడు. ఆటో డ్రైవరుకి కాదు, ఆటోకి.

నా పేరు రాలేదు.

నేను కండువా మడతపెట్టుకుని, ఎలా లేవాలో, ఎటువైపు తిరిగి నమస్కారం పెట్టాలో ఇంట్లో సాధన చేసి మరీ వెళ్ళాను. "మన కాలనీకి మూలమైన..." అని బిషు గొంతు పెంచగానే సగం లేచాను కూడా. "...మంచినీటి బోరు" అని ముగించాడు. లేచినవాడిని పంచె సర్దుకుంటున్నట్టు నటించి కూర్చున్నాను. పక్క కుర్చీలో మా ఆవిడ సుభద్ర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గు వచ్చిందట.

ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. నన్ను పక్కన పెట్టడం ఈ ఊరికి కొత్త కాదు, గుర్తుంచుకోవడం నాకూ కొత్త కాదు. కానీ బోరు తర్వాత కూడా నా పేరు రాలేదంటే ఇక నోరు విప్పక తప్పదు. విప్పితే ఒక ఘోరం బయటపెట్టాలి. ఒక తోట కాయ నేలపాలైంది, ఒక లారీ ఖాళీగా వెనక్కి వెళ్ళింది, ఒక రైలు పెట్టెకు సరిపడా జనం వచ్చి నా గుమ్మం ముందు దిగారు. అన్నీ ఒక్క మాట వల్ల. అది నా పొరపాటని మా ఆవిడ అంటుంది. మేస్త్రీ శోభనాద్రి అయితే ఇప్పటికీ కిళ్ళీ కొట్టు దగ్గర నా గొంతుతో నటించి మరీ చూపిస్తాడు. నేను మాత్రం ఒప్పుకోను. మీరే విని చెప్పండి.

అప్పటికి నాకు నలభై నిండలేదు. జుట్టు నల్లగా ఉండేది, తెలివి అంతకంటే నల్లగా ఉండేదని మా ఆవిడ అభిప్రాయం. ఊళ్ళో అపార్ట్‌మెంట్లు లేస్తున్న రోజులు. తాపీ పనికి బెంగాల్ నుంచి నిమాయ్ అనే మనిషి వచ్చాడు. ఊళ్ళో ఎవరూ గది ఇవ్వలేదు, చేపల వాసన అన్నారు. అన్నవాళ్ళలో కొల్లేటి చేప లేకుండా ఆదివారం గడిచేవాళ్ళు ఒక్కరూ లేరు. మన కూరకి ఉండేది సువాసన, వాళ్ళ కూరకి ఉండేది వాసన. నా తోట పక్కన ఎరువుల బస్తాలు పెట్టుకునే రేకుల గదులుంటే, బస్తాలు బయటికి లాగి నిమాయ్‌ని లోపలికి పంపించాను. చరిత్ర అక్కడ మొదలైంది. బోరు తర్వాత వేశాం.

మొదటి రోజే అతను నాకు దణ్ణం పెట్టి, "దాదా" అన్నాడు.

నా ఒళ్ళు మండింది. మా వైపు దాదా అంటే బజార్లో కత్తి పట్టుకుని తిరిగేవాడు.

"దాదా ఎవరయ్యా? నేను ఎవర్నైనా పొడిచానా? ఎవరి దుకాణమైనా పగలగొట్టానా?"

నిమాయ్ బెదిరిపోయి, వచ్చిన నాలుగు తెలుగు ముక్కలూ పోగుచేసుకున్నాడు. "దాదా అంటే అన్న. పెద్ద అన్న."

"అలా చెప్పు మరి."

అన్నగారినయ్యాక తమ్ముళ్ళు పెరగడం మొదలుపెట్టారు. నిమాయ్ వెనక అతని పినతండ్రి కొడుకు, అతని వెనక ఆ కొడుకు స్నేహితుడు, స్నేహితుడి వెనక బిషు. అందరూ మగవాళ్ళే, అందరూ ఒంటరిగానే. పెళ్ళాం పిల్లలు ఊళ్ళో, వీళ్ళు నా రేకుల కింద. మామిడి కోతల కాలంలో తాపీ మాని నా తోటకి వచ్చేవారు. చివర వల సంచీ కట్టిన చిక్కం కర్రలు పట్టుకుని చెట్టు కింద నిలబడితే కాయకి దెబ్బ తగిలేది కాదు, తొడిమ ఊడేది కాదు. నాకు పని జరిగేది, వాళ్ళకి ఊరు అలవాటయ్యేది.

ఆ రెండేళ్ళలో నేను బెంగాలీ నేర్చుకున్నాను. ఎవరి దగ్గరా కాదు, నా అంతట నేనే. అందులో పెద్ద కష్టం లేదు. మనం నోరు తెరిచి పలికే చోట వాళ్ళు నోరు గుండ్రంగా చుడతారు, అంతే. బుగ్గలో రసగుల్లా ఉందనుకుని మాట్లాడితే సగం బెంగాలీ వచ్చేసినట్టే. ఇంట్లో కూడా అభ్యాసం చేసేవాడిని.

"శుభొద్రా, ఒన్నొం పొట్టు," అన్నాను ఒక మధ్యాహ్నం.

"పొట్టు గేదెల తొట్లో ఉంది. వెళ్ళి అక్కడే కానివ్వండి," అంది మా ఆవిడ.

విద్య నేర్చుకునేవాడికి ఇంట్లో దొరికే ప్రోత్సాహం ఇలాగే ఉంటుంది.

నిమాయ్ ఈలోగా తెలుగు బాగానే పట్టేశాడు. కూరల కొట్టు దగ్గర బేరం ఆడేంత పట్టేశాడు. "అతనికి తెలుగొచ్చుగా, తెలుగులోనే మాట్లాడండి" అని మా ఆవిడ అనేది. నేను కష్టపడి నేర్చుకున్న భాషని ఏం చేసుకోవాలి, ఊరగాయ పెట్టుకోవాలా?

ఇక శోభనాద్రి సంగతి. అతను మా వైపు కోతల మేస్త్రీ. చాట్రాయి దాకా తోటలన్నిటికీ కూలీలని పంపేది అతనే. మా నాన్న రోజుల నుంచీ మా తోట అతనే కోయించేవాడు. ఆ ఏడాది మాఘంలో వాళ్ళ అమ్మాయి పెళ్ళికి పిలిచాడు. వెళ్ళాను. మొదటి బంతిలో చోటు లేదని నన్ను రెండో బంతిలో కూర్చోబెట్టారు. రెండో బంతికి పూర్ణాలు అయిపోయాయి. నా ఆకులో పూర్ణం ఉండాల్సిన చోట లడ్డూ ముక్క పెట్టారు. ముక్క. చెయ్యి కడుక్కుని వచ్చేశాను. ఆ రోజే అనుకున్నాను, ఈ మనిషి చిక్కం నా చెట్టు మీద పడదని.

"పూర్ణం కోసం తోట వదులుకుంటారా ఎవరైనా?" అంది మా ఆవిడ.

"పూర్ణం కోసం కాదు, పద్ధతి కోసం."

"ఆ పద్ధతిలో పచ్చిశనగపప్పు, బెల్లం పడతాయా?"

నాకు నా బెంగాలీ దళం ఉంది.

ఆ వేసవి బంగినపల్లి కోత బాగా జరిగింది. రసాలు మిగిలాయి. చెట్లు ఎలా కాశాయంటే, కొమ్మలు మోయలేక చేతులెత్తేసినట్టు నేల మీదకి వాలిపోయాయి. ఆ రసాల మీదే నా ఏడాది నిలబడి ఉంది. ఎరువుల కొట్టు, పిల్లల ఫీజులు, మా ఆవిడకి నాలుగేళ్ళుగా మాటిచ్చిన వంటింటి గచ్చు, అన్నీ ఆ కొమ్మలకే వేలాడుతున్నాయి. జ్యేష్ఠం వచ్చేసింది. సాయంత్రమైతే పడమట మబ్బు పట్టి, గాలి ఒకసారి అటూ ఇటూ చూసి పోతోంది. ఇంకో గాలికి ముందే కాయ దిగాలి. హనుమాన్ జంక్షన్ మండీలో మాట్లాడేశాను, కబురు చేస్తే లారీ పంపుతామన్నారు.

ఆ సాయంత్రం నిమాయ్ తన వాళ్ళందరినీ వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. అందరూ క్షవరం చేయించుకుని, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని ఉన్నారు. తలో చేతిలో ఖాళీ బుట్ట. నా తోట కోతంటే ఎంత భక్తి వీళ్ళకి అనుకుని నా కళ్ళు చెమర్చాయి.

"దాదా, కొంచెం మామిడి తీసుకుంటాం," అన్నాడు నిమాయ్.

"తీసుకోండి, తీసుకోండి," అని నేనే మంచి కాయలు ఏరి బుట్టలు నింపాను.

"రేపు కోతకి వస్తారేమో తెలుగులో ఓ మాట అడగండి," అని మా ఆవిడ వెనక నుంచి గొణిగింది.

"నువ్వు లోపలికెళ్ళు," అని, నోరు గుండ్రంగా చుట్టాను. "నిమాయ్, కాల్?"

"హ్యా దాదా, కాల్."

"షొబాయ్?"

"షొబాయ్, దాదా. బిషు నా."

అని చెయ్యెత్తి, "ఆశి, దాదా" అన్నాడు. వెనకవాళ్ళందరూ వరసగా "ఆశి, ఆశి, ఆశి" అన్నారు. నేనూ "ఆశి" అన్నాను, మర్యాదకి.

ఇప్పుడు పాఠకులు నిదానంగా ఆలోచించాలి. కాల్ అంటే రేపు. షొబాయ్ అంటే అందరూ. ఆశి అంటే వస్తాను. నిఘంటువు తెచ్చి చూడండి, అక్షరం తేడా ఉంటే నన్నడగండి. రేపు, అందరూ, వస్తాం. ఇంతకంటే స్పష్టంగా కోర్టులో సాక్షి కూడా చెప్పడు. "బిషు నా" అన్నది ఒక్కటే కొంచెం అస్పష్టం. బిషు నా మనిషి, వాడి బాధ్యత నాది అంటున్నాడనుకున్నాను. బెంగాలీలో నా అంటే కాదు అని తర్వాత తెలిసింది. అయితే మాత్రం, ఒక్క అక్షరానికి అంత అర్థం పెట్టుకోవడం ఎవరి తప్పు?

మండీకి ఫోన్ చేశాను. "తెల్లారేసరికి లారీ పంపించండి. నా మనుషులు సిద్ధం."

తెల్లారింది. లారీ వచ్చింది. మా ఆవిడ అందరికీ సరిపడా పులిహోర కలిపి గంగాళానికి మూత పెట్టింది. నేను గేటు దగ్గర నిలబడ్డాను. పొద్దు చెట్ల పైకి ఎక్కింది. లారీ డ్రైవరు ఒక విస్తరి పులిహోర తిని స్టీరింగు మీద నిద్రపోయాడు, లేచి ఇంకో విస్తరి తిన్నాడు. అప్పుడు దూరంగా ఒక చిక్కం కర్ర కనిపించింది. దాని కింద బిషు. వెనక ఎవరూ లేరు.

"మిగతావాళ్ళేరి?"

"వెళ్ళారు దాదా."

"ఎక్కడికి?"

"అత్తగారింటికి."

"ఒకడు అత్తగారింటికెళ్ళాడంటే అర్థముంది. ఇంతమంది కలిసి ఎవడి అత్తగారింటికెళ్ళారు?"

"ఎవరి అత్తగారింటికి వాళ్ళు," అన్నాడు బిషు ఓపిగ్గా. "జమాయ్ షష్ఠి దాదా. అల్లుళ్ళ పండగ. అత్తగారు అల్లుడికి విసనకర్రతో విసిరి, దారం కట్టి, చేపలు పెడుతుంది. అల్లుడు మామిడిపళ్ళు పట్టుకెళ్ళాలి. వెళ్ళకపోతే ఏడాదంతా మాట పడాలి."

"మరి నువ్వెళ్ళలేదే?"

బిషు తల వంచుకున్నాడు. "నాకింకా పెళ్ళి కాలేదు."

నాకు వాడి మీద జాలి కలిగే తీరిక లేదు. "నిన్న వస్తామన్నారు కదయ్యా. ఆశి, ఆశి అని వరసపెట్టి అన్నారు."

"అది వెళ్ళేటప్పుడు అనే మాట దాదా. వెళ్తున్నా అనకూడదు, మంచిది కాదు. అందుకని వస్తా అంటాం."

"వెళ్తూ వస్తామంటారా? ఎవడు పెట్టాడయ్యా ఈ పద్ధతి?"

అప్పటిదాకా గంగాళం పక్కన కూర్చుని విస్తళ్ళు లెక్కపెడుతున్న మా ఆవిడ తల ఎత్తింది. "మీరు మా పుట్టింటి నుంచి బయల్దేరేటప్పుడు మా నాన్నతో ఏమంటారు?"

"వస్తానండీ అంటాను."

"అన్నాక వెళ్తారా, కూర్చుంటారా?"

"వెళ్తాను."

"మా నాన్న మీ కోసం ఇంకో విస్తరి వేయించి, గుమ్మంలో లారీ పెట్టుకుని కూర్చున్నాడా ఎప్పుడైనా?"

అది వేరు. మనది మన భాష. మన వస్తానులో వెళ్ళడం ఉంటుందని మనకి చిన్నప్పటి నుంచి తెలుసు. పక్కవాడి వస్తానులో కూడా అదే ఉంటుందని నాకెవరు చెప్పారు? నోరు గుండ్రంగా చుట్టిన ప్రతివాడూ కొత్త మాట మాట్లాడుతున్నాడనే కదా మనం అనుకుంటాం.

నాకు పౌరుషం వచ్చింది. ఫోన్ తీశాను. నిమాయ్ అప్పటికి రైల్లో ఉన్నాడు, చక్రాల మోత వినిపిస్తోంది.

"వద్దండీ, తెలుగులో," అంది మా ఆవిడ.

"షొబాయ్ ఎషో," అని అరిచాను. అందరూ రండి అని. "ఎఖుని ఎషో." ఇప్పుడే రండి అని.

అటు నుంచి నిమాయ్ గొంతు తడబడింది. "షొబాయ్, దాదా? బాడిర్ షొబాయ్?"

బాడీ అంటే శరీరం. శరీరంతో సహా రావాలా అని నన్నే వెటకారం ఆడుతున్నాడు చూడండి అనుకున్నాను. "హ్యా. బాడిర్ షొబాయ్. బాడీతో సహా రావాలి. ఒక్కడు మిగిలినా ఊరుకోను."

"భాలో దాదా, ఖూబ్ భాలో," అన్నాడు, చాలా మంచిది అని. గొంతులో ఏడుపో నవ్వో అర్థం కాలేదు. భయపడ్డాడనుకుని ఫోన్ పెట్టేశాను. "చూశావా, ఎలా దారికొచ్చాడో," అన్నాను మా ఆవిడతో. పక్కన బిషు చిక్కం కర్ర పట్టుకుని నా వైపు అదోలా చూశాడు. ఏదో చెప్పబోయాడు. నేను చెప్పనివ్వలేదు.

లారీ పులిహోర తప్ప ఇంకేమీ ఎక్కించుకోకుండా వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి శోభనాద్రి సైకిల్ మోటారు గేటు ముందు ఆగింది.

"ఏం చలపతిరావు గారూ, మీ బెంగాలీ రెజిమెంటు ఎక్కడా కనపడట్లేదు."

"వస్తున్నారు."

"ఏ బండికి?"

"నీకెందుకు?"

"పడమట మబ్బు చూశారా? మా వాళ్ళు విస్సన్నపేట తోటలో ఉన్నారు. పొద్దున్నే ఇటు తిప్పుతాను. పంపించవయ్యా అని ఒక్క మాట అనండి చాలు."

అనాల్సిన మాట చిన్నదే. నా నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ అక్కడ లడ్డూ ముక్క అడ్డం పడింది. "నా మనుషులు నాకున్నారు," అన్నాను. శోభనాద్రి బండి తిప్పుతూ, "మీ ఇష్టమండి. కాయ మాత్రం ఎవరి మనుషుల కోసమూ ఆగదు," అన్నాడు.

నేనూ, బిషూ, మా ఆవిడా కలిసి రెండు చెట్లు కోశాం. మర్నాడు సాయంత్రం గాలి వచ్చింది. ఆ గాలి గురించి నేను ఎక్కువ చెప్పను. వరండాలో నిలబడి విన్నాను. ముందు ఒక్కో కాయ పడుతున్న చప్పుడు విడివిడిగా వినిపించింది, తర్వాత విడివిడిగా వినిపించలేదు. మా ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేవాడిని. వంటింట్లోకి వెళ్ళి ఆ గచ్చు లేని నేల మీద కూర్చుంది.

పొద్దున్నే లేచి చూస్తే చెట్టు కింద నేల కనిపించలేదు. ముగ్గురం బుట్టలు పట్టుకుని ఏరడం మొదలుపెట్టాం. పచ్చివాటిని గడ్డిలో కప్పాం, మెత్తబడినవాటిని షెడ్డులో పోశాం. ఏరేకొద్దీ మెత్తబడుతున్నాయి, మెత్తబడేకొద్దీ ఈగలు పిలవని పేరంటానికి వస్తున్నాయి. మండీవాళ్ళు దెబ్బ కాయ వద్దన్నారు. అలా నడుము విరిగిపోతున్న మూడో రోజో నాలుగో రోజో, రోడ్డు మీద ఆటోల చప్పుడు వినిపించింది. ఒక ఆటో కాదు. పెళ్ళివారు తరలి వస్తున్నట్టు ఆటోల వరస. అన్నీ హనుమాన్ జంక్షన్ దగ్గరి రైల్వే స్టేషన్ నుంచే.

మొదటి ఆటోలోంచి నిమాయ్ దిగాడు. తర్వాత అతని భార్య దిగింది. తర్వాత ఇద్దరు పిల్లలు, ఒక ట్రంకు పెట్టె, ఒక బావమరిది, ఒక కుక్కరు దిగాయి. తర్వాత నిమాయ్ అత్తగారు దిగింది. తెల్లచీర కట్టుకుని, చంకలో తాటాకు విసనకర్ర పెట్టుకుని, నా తోటనీ నన్నూ తేరిపార చూసింది. వెనక ఆటోల్లోంచి మిగతా అల్లుళ్ళు, వాళ్ళ భార్యలు, వాళ్ళ అత్తగార్లు, మామగార్లు, మరదళ్ళు. ఒకాయన కోడిపెట్టతో సహా వచ్చాడు.

"ఏంటయ్యా ఇది?" అన్నాను. అదృష్టవశాత్తూ కంగారులో తెలుగులోనే అన్నాను.

నిమాయ్ ముఖం వెలిగిపోతోంది. "మీరు పిలిచారుగా దాదా. ఇంట్లోవాళ్ళందరినీ తీసుకుని వెంటనే రమ్మన్నారుగా. నేను రెండుసార్లు అడిగాను. బాడిర్ షొబాయ్ అంటే ఇంటిల్లిపాదీ. మా అత్తగారు నమ్మలేదు. ఎవరు పిలుస్తారు మనల్ని ఇంత ప్రేమగా అంది. ఒక్కరు మిగిలినా ఊరుకోను అన్నారని చెబితే ఏడ్చింది."

"నేను పిలిచింది కోతకి," అని ఎత్తుకున్నాను. గొంతు పెద్దదైంది. "వస్తామని చెప్పి వెళ్ళిపోయి నా తోట ముంచారు. వస్తానంటే రావాలా వద్దా?"

నిమాయ్ తోట వైపు చూశాడు. అప్పుడు అర్థమైంది అతనికి. నెమ్మదిగా అన్నాడు. "దాదా, నేను కొత్తగా వచ్చినప్పుడు మీరు రోజూ గదికొచ్చి, మాట్లాడి, వస్తాను అని వెళ్ళేవారు. వస్తాను అంటే నాకు తెలుసు, బిల్డింగు దగ్గర నేర్చుకున్నాను. వస్తారు కదా అని స్టవ్ మీద టీ పెట్టుకుని కూర్చునేవాడిని. నెల రోజులు కూర్చున్నాను. మిమ్మల్ని ఒక్క మాట అన్నానా?"

అదీ నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే టీ తాగేవాడిని కదా.

అంతలో ఆ విసనకర్ర పెద్దావిడ, నిమాయ్ అత్తగారు, ముందుకి వచ్చింది. నా ఎర్రబడిన ముఖం చూసింది. ఎండ దెబ్బ అనుకుందో ఏమో, కాయలు కడిగే బక్కెట్లో చెయ్యి ముంచి విసనకర్ర మీద నీళ్ళు చల్లి, "షాట్, షాట్" అంటూ నా ముఖం మీద విసరడం మొదలుపెట్టింది. నేను వెనక్కి జరిగితే ఆవిడ ముందుకి జరిగింది. గేటు దాకా విసిరింది. కోపంగా ఉన్న మనిషి ముఖం మీద ఎవరైనా తడి విసనకర్రతో విసిరితే ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో మీకు తెలిస్తే చెప్పండి.

"అల్లుళ్ళకి ఇలాగే దీవిస్తూ విసురుతారు," అన్నాడు బిషు, కొంచెం ఈర్ష్యగా.

గాలి వచ్చిన సాయంత్రం తర్వాత మా ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. నవ్వి, లేచి, చీర చెంగు బొడ్లో దోపి, షెడ్డులో పళ్ళ గుట్ట చూపించింది. పెద్దావిడ ఒక రసం తీసి, నలిపి, వాసన చూసి ఏదో అంది.

"ఆమ్‌షొత్తొ అంటోంది," అన్నాడు నిమాయ్. "రసం తీసి చాప మీద ఎండబెట్టేది."

"తాండ్ర," అంది మా ఆవిడ.

ఇద్దరూ అక్కచెల్లెళ్ళలా ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. వాళ్ళ మధ్య దుబాసీగా నిలబడటానికి నేను సిద్ధమే. ఎవరూ అడగలేదు. సాయంత్రానికి ఊళ్ళోని ఈత చాపలన్నీ మా కళ్ళంలో ఉన్నాయి. అత్తగార్లు పిసికారు, మరదళ్ళు వడగట్టారు, అల్లుళ్ళు చాపలు పరిచారు, కోడిపెట్టాయన ఈగలు తోలాడు. ఒక పొర ఆరాక ఇంకో పొర పోయాలి. తాండ్ర ఒక్కరోజులో అయ్యే పని కాదు, అందుకని "తాండ్ర ఆరేదాకా ఉండండి" అన్నాను.

తాండ్ర ఆరింది. ఎవరూ కదల్లేదు.

రసాలు అమ్మినంత రాలేదు గానీ ఎరువుల కొట్టతను మళ్ళీ పలకరించేంత వచ్చింది. గచ్చు నిమాయ్ వేశాడు. బావమరిది ఊళ్ళో చేపల గంప పెట్టాడు. ఒక మామగారు పాలు విరగ్గొట్టి సందేశ్ మిఠాయి చేసి బస్టాండు దగ్గర అమ్మడం మొదలుపెట్టాడు. రేకుల గదులు చాలక పక్క దిబ్బ మీద ఇంకో వరస లేచింది. వాళ్ళ చుట్టాలు వచ్చారు, చుట్టాల చుట్టాలు వచ్చారు. అందరిదీ ఒకటే మాట, దాదా పిలిచాడట అని. ఇప్పుడు అక్కడ బడి పిల్లలు తెలుగులో తిట్టుకుని బెంగాలీలో ఏడుస్తారు. బిషుకి నిమాయ్ మరదలితోనే పెళ్ళయింది. ఇప్పుడు జ్యేష్ఠంలో వాడే అందరికంటే ముందు కూర్చుని విసిరించుకుంటాడు. ఇంత కాలనీ ఎవరి నోటి వల్ల లేచింది? నేను శుభ్రంగా తెలుగులో మాట్లాడి ఉంటే ఉండేదా? కాబట్టి అది పొరపాటు కాదు, శంకుస్థాపన.

పూజ అయిన మర్నాడు బిషుని నిలదీశాను. "బోరు పేరు చెప్పావు, ఆటో పేరు చెప్పావు. నేనేమైపోయాను?"

"ఇంట్లోవాళ్ళకి ఎవరైనా మైకులో థ్యాంక్స్ చెబుతారా దాదా?" అన్నాడు.

మాట బాగానే ఉంది. నేనూ కొంచెం మెత్తబడ్డాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే తెలిసింది. ఇంట్లోవాడినైతే నా కుర్చీ నాలుగో వరసలో ఎందుకుంది? ఆ సంగతి అడుగుదామని వెళ్తే, "ఆశి దాదా" అని వెళ్ళిపోయాడు.

అందుకే ఒట్టు పెట్టుకున్నాను. మా ఇంటి దేవుడి సాక్షిగా, ఆ ఏడాది తాండ్ర సాక్షిగా, ఇక ఈ జన్మలో నోరు గుండ్రంగా చుట్టను. బెంగాలీ ఒక్క ముక్క మాట్లాడను. ఎవరైనా గుమ్మంలో నిలబడి వస్తాను అంటే, అది రాకా పోకా అని తేల్చుకోకుండా గేటు తియ్యను. మా మామగారైనా సరే.

ఆ ఒట్టుకి మొన్ననే పరీక్ష వచ్చింది. ఈ ఏడూ రసాలు విరగకాశాయి. పడమట మబ్బు పడుతోంది. నిమాయ్ ఇప్పుడు శోభనాద్రి కంటే పెద్ద మేస్త్రీ, ఎన్నో తోటలు అతని చేతిలో ఉన్నాయి. సాయంత్రం గేటు దగ్గరికి వచ్చాడు. కోత సంగతి మాట్లాడాడు, పండగ సంగతీ మాట్లాడాడు. నాకంటే మంచి తెలుగు మాట్లాడాడు. ఆఖర్న రెండు చేతులూ జోడించి, "వస్తానండీ, చలపతిరావు గారూ" అన్నాడు.

"ఆగు," అన్నాను. "రావడమా, వెళ్ళడమా?"

నవ్వాడు. మా ఆవిడ వరండాలోంచి, "వెళ్ళి రావయ్యా," అంది. ఆవిడకీ నవ్వే. అతను బండెక్కి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు, కాలనీకి వెళ్తే ఇంటికి తాళం.

నిమాయ్, ఇది నువ్వే చదువుతున్నావో, బిషు చదివి వినిపిస్తున్నాడో నాకనవసరం. కాయ చెట్టు మీద ఉంది. మండీవాళ్ళు లారీ ఎప్పుడని అడుగుతున్నారు. నీ పండగ కాదనను, మీ అత్తగారికి నా నమస్కారాలు. కానీ వస్తున్నావా, వెళ్తున్నావా? తెలుగులో చెప్పు.